72 ఏళ్ళ అత్తయ్యగారి నిద్రమాత్ర: 12 బిళ్ళలే మిగిలాయి, ఆపెయ్యొచ్చా?

బెళ్ళందూరు కోడలు అడుగుతున్నారు:

అందరికీ నమస్కారం. మా అత్తయ్యగారికి 72 ఏళ్ళు, బరువు 58 కిలోలు. ఎనిమిదేళ్ళుగా రోజూ రాత్రి ఆల్ప్రాజోలాం 0.5 ఎంజీ బిళ్ళ ఒకటి వేసుకుంటున్నారు. అనంతపురంలో ఉన్నన్నాళ్ళూ పాత చీటీ మీదే దొరికేది. ఇప్పుడు బెంగళూరులో మా దగ్గర ఉంటున్నారు, ఇక్కడ మెడికల్ షాపులో కొత్త చీటీ లేకుండా ఇవ్వం అన్నారు. చేతిలో 12 బిళ్ళలు ఉన్నాయి.

మిగతా మందులు ఇవి. టెల్మిసార్టాన్ 40, హైడ్రోక్లోరోథయజైడ్ 12.5 కలిసిన బీపీ బిళ్ళ, రాత్రి భోజనం అయ్యాక. పొద్దున పరగడుపున పాంటొప్రజోల్. నెల కింద కడుపు ఉబ్బరానికి ఇంకో బిళ్ళ రాశారు, దాని మీద క్లోర్‌డయాజెపాక్సైడ్ 5, క్లిడీనియం 2.5 అని ఉంది, పొద్దున ఒకటి రాత్రి ఒకటి. షుగరు లేదు.

8:30కి నిద్రమాత్ర, 9కి మంచం. తొమ్మిదిన్నరకల్లా నిద్ర పడుతుంది. 3 గంటలకు మెలకువ, ఆ తర్వాత 6 దాకా దొర్లుతూనే ఉంటారు. మధ్యలో రెండుసార్లు బాత్రూంకి లేస్తారు. మధ్యాహ్నం గంటన్నర నిద్ర. సాయంత్రం 5కి ఫిల్టర్ కాఫీ. పోయిన వారం రాత్రి బాత్రూం దగ్గర తూలి గోడ పట్టుకున్నారు, దెబ్బ తగల్లేదు.

మా ఆయన 12 అయిపోగానే మానిపిద్దాం, రెండు రోజులు నిద్ర పట్టదు అంతే అంటున్నారు. అది సరైనదేనా? తగ్గించాలంటే ఎంత చొప్పున తగ్గించాలి? ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి?

మందులషాపు మాట (ఫార్మసిస్ట్) జవాబు:

ఒక్కసారిగా ఆపకండి అమ్మా. 12 బిళ్ళలంటే 12 రోజుల వ్యవధి, ఆ లోపల డాక్టరును కలిసి చీటీ తెచ్చుకోండి. ఇవ్వాళ్టి నుంచే సగం వేసి 24 రోజులు సాగదీద్దాం అనుకుంటారేమో, అదీ వద్దు. ఎనిమిదేళ్ళు రోజూ వాడిన మోతాదును ఒక్క రాత్రిలో సగానికి కోసినట్టే అవుతుంది.

షాపువాళ్ళు ఇవ్వకపోవడానికి కారణం ఉంది. ఆల్ప్రాజోలాం షెడ్యూల్ హెచ్1 మందు, అంటే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందు. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న జాబితా ఇది, డయాజెపాం, నైట్రాజెపాం, క్లోర్‌డయాజెపాక్సైడ్, జోల్పిడెం కూడా ఇందులోవే. స్ట్రిప్పు మీద ఎర్ర గీత పెట్టెలో హెచ్చరిక ఉంటుంది చూడండి. అమ్మిన ప్రతిసారీ డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, ఏ మందు, ఎన్ని అన్నది విడి రిజిస్టరులో రాసి మూడేళ్ళు ఉంచాలి. ఇంకో సంగతి, ఆల్ప్రాజోలాం మత్తుమందుల చట్టం కింద సైకోట్రోపిక్ (మనసు మీద పనిచేసే మందుల) జాబితాలో ఉంది కాబట్టి 2020 నాటి టెలిమెడిసిన్ నిబంధనల ప్రకారం వీడియో కాల్‌లో దీన్ని రాయకూడదు. ఫోన్‌లో పని అవుతుందని రోజులు పోనివ్వకండి, మనిషిని తీసుకెళ్ళి చూపించాల్సిందే.

స్ట్రిప్పు మీద పేరు పక్కన ఎస్ఆర్ అనిగానీ ఈఆర్ అనిగానీ ఉందేమో చూడండి. ఉంటే ఆ బిళ్ళను కొయ్యకూడదు, నమలకూడదు. లోపలి మందు నెమ్మదిగా విడుదలయ్యేలా చేసిన బిళ్ళ అది, కోస్తే మోతాదంతా ఒకేసారి ఒంట్లోకి దిగుతుంది. మామూలు బిళ్ళ అయితే కొయ్యొచ్చు.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది ఆ కడుపు బిళ్ళ. క్లోర్‌డయాజెపాక్సైడ్ అంటే ఆల్ప్రాజోలాం కుటుంబంలోదే. గ్యాస్ బిళ్ళ అనుకుని వేస్తున్నారు, నిజానికి నెల రోజులుగా ఆవిడ రెండు నిద్రమత్తు మందుల మీద ఉన్నారు. పైగా క్లిడీనియం నోరు ఎండబెడుతుంది, మలబద్ధకం తెస్తుంది, వయసు మళ్ళినవాళ్ళలో మతిని మందగింపజేస్తుంది. మలబద్ధకంతో ఉబ్బరం ఇంకా పెరుగుతుంది కూడా. పోయిన వారం తూలడానికి ఇదీ ఒక కారణం అయ్యుండొచ్చు. రాసిన డాక్టరుకు నిద్రమాత్ర సంగతి తెలుసో లేదో. ఇలాంటి కలయిక బిళ్ళలు మన దగ్గర చాలా ఉన్నాయి: గుండెదడకు ప్రొప్రనలాల్‌తో క్లోనజెపాం, దిగులుకు ఎస్సిటాలోప్రాంతో క్లోనజెపాం, ఆందోళనతో కూడిన దిగులుకు అమిట్రిప్టిలిన్‌తో క్లోర్‌డయాజెపాక్సైడ్. ముందువైపు ఉన్న బ్రాండు పేరు చూస్తే సరిపోదు, వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేర్లు చదవాలి.

డాక్టరు దగ్గరికి అన్ని స్ట్రిప్పులూ ఒక కవర్లో వేసుకుని వెళ్ళండి, పేర్లు నోటితో చెప్పొద్దు. తగ్గించడానికి 0.25 ఎంజీ బిళ్ళలు రాయమని అడగండి. 0.5 బిళ్ళను పావు చేసినా 0.125 దగ్గరే ఆగిపోతారు. 0.25ను పావు చేస్తే 0.0625 దాకా దిగొచ్చు. బిళ్ళ కోసే చిన్న కట్టర్ మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. కత్తిపీట మీద, బ్లేడుతో కోస్తే పొడి అవుతుంది.

తగ్గించే రోజుల్లో వేరే జబ్బుకు మందు రాస్తే తప్పకుండా నిద్రమాత్ర సంగతి చెప్పండి. తామరకు వాడే ఇట్రాకొనజోల్, కీటోకొనజోల్ బిళ్ళలు ఆల్ప్రాజోలాంను కాలేయంలో కరగనివ్వవు, రక్తంలో మందు పేరుకుపోతుంది, వాటిని ఆల్ప్రాజోలాంతో కలిపి వాడనే కూడదు. క్లారిత్రోమైసిన్ యాంటీబయాటిక్ కూడా ఆ దారే. ట్రమడాల్ నొప్పి బిళ్ళతో కలిస్తే ఊపిరే మందగించవచ్చు.

వృద్ధవైద్యం (జెరియాట్రిక్స్) జవాబు:

ఫార్మసిస్టు గారు చెప్పినది అక్షరాలా నిజం. నేను తగ్గించే పద్ధతి గురించి రాస్తాను. ఇది డాక్టరుతో కూర్చుని మాట్లాడటానికి పనికొచ్చే లెక్క, సొంతంగా మొదలుపెట్టడానికి కాదు.

"రెండు రోజులు నిద్ర పట్టదు అంతే" అన్నది ఎందుకు తప్పంటే, ఎనిమిదేళ్ళలో మెదడు ఈ మందుకు సర్దుకుపోయింది. మెదడును నిమ్మళపరిచే గాబా అనే రసాయనానికి ఈ మందు బలం ఇస్తుంది. రోజూ బయటి నుంచి బలం వస్తుంటే మెదడు తన సొంత పట్టు సడలిస్తుంది. ఒక్కసారిగా మందు తీసేస్తే నిమ్మళపరిచేది ఏదీ మిగలదు. ఒకటి రెండు రోజుల్లో ఆందోళన, చెమటలు, చేతుల వణుకు, గుండెదడ మొదలవుతాయి. కొందరికి మూర్ఛ (ఫిట్స్) వస్తుంది. పెద్దవయసులో ఇంకో రూపం కూడా ఉంది: మూడోనాడు రాత్రి మనుషుల్ని గుర్తుపట్టకపోవడం, లేనివి కనిపిస్తున్నాయనడం. వేరే జబ్బుతో ఆస్పత్రిలో చేర్చి, ఇంట్లో వేసుకునే నిద్రమాత్ర సంగతి చెప్పడం మరిచిపోయినప్పుడు సరిగ్గా ఇదే జరుగుతుంది. మతిమరుపు జబ్బు వచ్చిందని ఇంట్లోవాళ్ళు హడలిపోతారు.

అలాగని ఇలాగే కొనసాగించడమూ మంచిది కాదు. ఆల్ప్రాజోలాం సగం ఖాళీ అవడానికి నడివయసులో సుమారు 11 గంటలు పడితే, పెద్దవయసులో సగటున 16 గంటలు పడుతుంది. రాత్రి 8:30కి వేసిన బిళ్ళలో సగం మర్నాడు మధ్యాహ్నం పన్నెండున్నరకి కూడా ఒంట్లోనే ఉంటుంది. మధ్యాహ్నం ఆ గంటన్నర నిద్రలో దాని వాటా కొంత ఉంటుంది. లాభం సంగతి చూస్తే, 60 దాటినవాళ్ళ మీద జరిగిన పరిశోధనలను కలిపి 2005లో వేసిన లెక్కలో నిద్రమాత్రల వల్ల రాత్రికి పెరిగిన నిద్ర సగటున 25 నిమిషాలే. అమెరికా వృద్ధవైద్యుల సంఘం బీర్స్ జాబితాలో, 2023 సవరణలో కూడా, ఈ కుటుంబం మొత్తాన్ని 65 దాటినవాళ్ళు వీలైనంత వరకు మానాలనే ఉంది. పడిపోవడం, తుంటి ఎముక విరగడం, మతి మందగించడం అందుకు కారణాలు. జోల్పిడెం కూడా ఆ జాబితాలో ఉంది కనుక దీని బదులు అది ఇమ్మని అడగడంలో అర్థం లేదు.

ఇక లెక్క. 2025లో అమెరికాలో పలు వైద్య సంఘాలు కలిసి ఇచ్చిన మార్గదర్శకంలో, మొదటి కోత 5 నుంచి 10 శాతం, రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి, ఎంత తొందరైనా రెండు వారాలకు 25 శాతం మించకూడదు అని ఉంది. మన దగ్గర దొరికే బిళ్ళలతో కచ్చితంగా 10 శాతం కొయ్యడం కుదరదు. 0.25 బిళ్ళలో పావు అంటే 0.0625, అంటే ఇప్పటి మోతాదులో 12.5 శాతం, మెట్టుకు అంత చొప్పున దిగొచ్చు. ఇప్పుడు రెండు 0.25 బిళ్ళలతో సమానం వేస్తున్నారు కదా. మొదటి మెట్టు ఒకటీ ముప్పావు బిళ్ళ, తర్వాత ఒకటిన్నర, ఒకటింబావు, ఆపైన ఒకటి. ఈ నాలుగు మెట్లూ రెండేసి వారాలు. తర్వాత ముప్పావు, అర, పావు, ఈ మూడూ నాలుగేసి వారాలు. మొత్తం 20 వారాలు, 119 బిళ్ళలు, అంటే పది బిళ్ళల స్ట్రిప్పులు పన్నెండు.

చివర్లో ఎందుకు నెమ్మది అంటే, రెండు నుంచి ఒకటీ ముప్పావుకు దిగితే తగ్గేది ఎనిమిదో వంతు. అర నుంచి పావుకు దిగితే ఉన్నదాంట్లో సగం పోతుంది. ముక్క ఒకటే, మెదడుకు తగిలే దెబ్బ వేరు. చాలామంది అర దాకా సునాయాసంగా వచ్చి, ఇంత చిన్న ముక్క ఏం చేస్తుందిలే అని ఒకేసారి వదిలేసి అక్కడ బోల్తాపడతారు. ఆ దశలో ఆరు వారాలు పట్టినా పట్టనివ్వండి.

మోతాదు దించిన మొదటి మూడు నాలుగు రాత్రులు నిద్ర చెడటం మామూలే, దాన్ని చూసి మళ్ళీ పెంచకండి. వారం దాటినా వణుకు, చెమటలు, కంగారు తగ్గకపోతే అదే మెట్టు మీద ఇంకో రెండు వారాలు ఆగండి. ఇబ్బంది మరీ ఎక్కువైతే డాక్టరుతో మాట్లాడి ఒక మెట్టు పైకి వెళ్ళొచ్చు. రోజు మార్చి రోజు వేసుకోవడం ఆల్ప్రాజోలాంకు పనికిరాదు, వెయ్యని రోజల్లా ఒంటికి చిన్న విత్‌డ్రాయల్ (మందు ఆగినప్పుడు వచ్చే బాధ) అవుతుంది. ఫిట్స్ వచ్చినా, తికమకపడి మాట్లాడుతున్నా ఆస్పత్రి ఎమర్జెన్సీకే వెళ్ళాలి. అక్కడ మొట్టమొదట చెప్పాల్సింది ఆల్ప్రాజోలాం తగ్గిస్తున్నామని.

కడుపు బిళ్ళ సంగతి. రెండు మందులనూ ఒకే పక్షంలో కదిలించొద్దు. నెల రోజులుగా రోజుకు రెండు వేస్తున్నారు కాబట్టి ముందు దాన్ని రోజుకు ఒకటికి తెచ్చి, ఆ తర్వాత మానిపించి, రెండు వారాలు కుదురుకున్నాక ఆల్ప్రాజోలాం మీదికి రావడం నాకు సబబుగా అనిపిస్తుంది. డాక్టరు వేరే వరస చెబితే అదే పాటించండి. కొందరు డాక్టర్లు ఆల్ప్రాజోలాంను డయాజెపాం లాంటి ఎక్కువసేపు నిలిచే మందులోకి మార్చి తగ్గిస్తారు. చిన్నవాళ్ళకు అది బాగా కుదురుతుంది. 72 ఏళ్ళ ఒంట్లో డయాజెపాం రోజుల తరబడి పేరుకుంటుంది, అందుకని అలా మారిస్తే మొదటి రెండు వారాలు పగటి మగతను గమనిస్తూ ఉండాలి.

డాక్టరు అంటారా, మీకు దగ్గర్లో వృద్ధుల వైద్య నిపుణులు ఉంటే మేలు. లేదంటే సైకియాట్రిస్టు. హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్‌లో పెద్దవయసువాళ్ళకు ప్రత్యేక మానసిక వైద్య విభాగం ఉంది. మధ్యలో రాత్రిపూట కంగారు పుడితే టెలిమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్) 14416కు చెయ్యండి, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. మందు మోతాదు మాత్రం చూసిన డాక్టరే చెప్పాలి.

నిద్రపట్టిక (నిద్ర చికిత్స) జవాబు:

మందు తగ్గించే ముందు ఆవిడ నిద్ర లెక్క ఒకసారి వెయ్యండి. తొమ్మిదిన్నర నుంచి 3 దాకా ఐదున్నర గంటలు. మధ్యాహ్నం గంటన్నర. కలిపితే 7 గంటలు. బాత్రూంకి లేచిన సమయం తీసేసినా ఆ వయసుకు అది తక్కువ నిద్ర కాదు. నిద్ర చాలకపోవడం కాదు జరుగుతున్నది, మంచం మీద ఉండే 9 గంటల్లోకి ఆ నిద్ర పల్చగా పరుచుకుంది. ఐదున్నరను తొమ్మిదితో భాగిస్తే 61 శాతం. 80 నుంచి 85 ఉండాలి. 3కి మెలకువ వస్తోంది కదా అని ఇంకో బిళ్ళ ఇచ్చినా ఆ గంటలు పుట్టుకు రావు, ఒంట్లో వాటి అవసరం లేదు.

పడక గంటలను ఒక్కసారిగా ఆరుకు కుదించడం కుర్రవాళ్ళకు చేస్తారు. పెద్దవాళ్ళకు, అందులోనూ మత్తు మందు మీద ఉన్నవాళ్ళకు, అలా చేస్తే పగలు తూలి పడతారు. కొద్దికొద్దిగా దగ్గరికి నొక్కాలి. మొదటి వారం 9:30కి మంచం ఎక్కనివ్వండి. రెండో వారం 10కి, మూడో వారం 10:30కి. లేవడం మాత్రం ఏ రోజైనా 5:30కే, రాత్రి పట్టినా పట్టకపోయినా. అప్పటికి మంచం మీద ఉండేది 7 గంటలు. మధ్యాహ్నం కునుకు 2 కొట్టే లోపలే, అరగంట, కుర్చీలో. ఆ నిద్రమాత్ర సమయం కూడా మంచంతో పాటే జరుగుతుంది: 8:30కి వేసి గంట సేపు టీవీ ముందు కూర్చుంటే ఆ మత్తులోనే నడుస్తారు.

రోజూ పొద్దున నాలుగు సంగతులు నోట్‌బుక్‌లో రాయండి. ఎప్పుడు మంచం ఎక్కారు, సుమారుగా ఎప్పుడు పట్టింది, ఎన్నిసార్లు లేచారు, ఎప్పుడు దిగారు. ఆవిడ చేతనే రాయిస్తే మంచిది. మంచం పక్కన గడియారం తీసేయండి, 3 అయిందని చూడగానే మెదడు పూర్తిగా మేల్కొంటుంది. ఆ లెక్కతో వేసిన నిద్ర శాతం వారం సగటు 80 దాటితే పడక గంటలకు పావుగంట కలపొచ్చు.

నిద్ర పట్టకపోతే 20 నిమిషాలకు లేచి వేరే గదికి వెళ్ళమని పుస్తకాల్లో ఉంటుంది. తూలే మనిషికి ఆ సలహా ఇవ్వకండి. మంచం పక్కనే చేతుల కుర్చీ వేసి, చిన్న దీపం పెట్టి, అందులో కూర్చోమనండి. జపమాల, భక్తి పాటలు సన్నగా, ఏదైనా సరే. నిద్ర ముంచుకొచ్చాక మళ్ళీ మంచం.

కాఫీలో కెఫీన్ సగం కరగడానికి సుమారు 5 గంటలు పడుతుంది. 5 గంటల ఫిల్టర్ కాఫీలో సగం రాత్రి 10కి లోపలే ఉంటుంది. మానమంటే మనసు కష్టపడుతుంది, పొద్దున రెండు గ్లాసులు తాగినా పర్లేదు, మధ్యాహ్నం 12 తర్వాత వద్దు.

ఊళ్ళో ఉన్నప్పుడు పొద్దున్నే వాకిలి ఊడ్చడం, ముగ్గు, పూలు కొయ్యడం, ఇవన్నీ ఎండలోనే. ఇక్కడ ఎత్తు మీద ఫ్లాటులో తలుపు వేసుకుని కూర్చుంటే పొద్దున వెలుతురు కంటికి తగలదు. శరీరంలోని గడియారం ఆ వెలుతురుతోనే సర్దుకుంటుంది. 7 నుంచి 8 మధ్య అరగంట కింద నడిపించండి, వానరోజు అయితే బాల్కనీలో కాఫీ. నిద్ర గురించి అడిగేవాళ్ళందరూ రాత్రి గురించే అడుగుతారు, సగం పని ఈ అరగంటలో ఉంది. ఈ మార్పులు మొదటి కోతకు మూడు వారాల ముందే మొదలుపెట్టండి.

ఫిజియో, జేపీ నగర్ జవాబు:

బీపీ బిళ్ళ సమయం ఎవరూ పట్టించుకోలేదు. హైడ్రోక్లోరోథయజైడ్ అంటే మూత్రం ఎక్కువ పోయించే మందు. రాత్రి భోజనం తర్వాత వేస్తే రాత్రే పని చేస్తుంది. రెండుసార్లు లేవడానికి అది కారణం కావచ్చు. డాక్టరును అడిగి పొద్దుటికి మార్పించండి, ఇది అన్నిటికన్నా సులువైన మార్పు. నీళ్ళు పగలే తాగించండి, 7 తర్వాత తగ్గించండి.

బీపీ కూడా పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒక నిమిషానికి, మూడో నిమిషానికి చూడండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడితే ఆ తూలడం వెనక అది కూడా ఉంది, డాక్టరుకు ఆ అంకెలు చూపించండి. రాత్రి లేచేటప్పుడు కాళ్ళు కిందికి వేలాడేసి ఒక నిమిషం కూర్చుని, మడమలు పదిసార్లు ఎత్తి దించి, అప్పుడు నిలబడాలి.

పళ్ళు తోముకోవడం, బాత్రూం, దేవుడికి దండం, పక్కన నీళ్ళ సీసా, అన్నీ అయ్యి మంచం మీద కూర్చున్నాకే నిద్రమాత్ర. మంచం నుంచి బాత్రూం దాకా నేల దగ్గర దీపాలు, బాత్రూం నేల రాత్రికి పొడిగా తుడిచి ఉంచడం, కమోడ్ పక్కన గోడకు బిగించిన కడ్డీ. టవల్ తగిలించే కడ్డీ మనిషి బరువు ఆపదు. లోపలి గడియ వెయ్యనివ్వకండి.

గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతుందేమో ఒక రాత్రి గమనించండి. పడుకోగానే కాళ్ళు లాగేసి కదపకుండా ఉండలేకపోతున్నారేమో అడగండి. మొదటిదైతే నిద్రమాత్ర ఇంకా ప్రమాదం. రెండోదైతే రక్తంలో ఫెరిటిన్ పరీక్ష చేయించాలి, ఐరన్ తక్కువైనా అలా అవుతుంది.

బెళ్ళందూరు కోడలు:

చాలా చాలా థాంక్సండీ. స్ట్రిప్పు చూశాను, ఎస్ఆర్ లేదు, బిళ్ళ మధ్యలో గీత ఉంది. శుక్రవారం డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. ఇంకో మూడు సందేహాలు. ఆవిడ నా నిద్ర నా దగ్గర నుంచి లాక్కోకండి అంటున్నారు, అందుకని చెప్పకుండా బీ కాంప్లెక్స్ బిళ్ళ మారుద్దామా అని మా ఆయన ఆలోచన. మెలటోనిన్ బదులుగా ఇవ్వొచ్చా? సంక్రాంతికి ఊరు వెళ్తాం, పదిరోజులు, అప్పుడు ఏం చెయ్యాలి?

వృద్ధవైద్యం జవాబు:

చెప్పకుండా మార్చొద్దండీ. మందు ఒక్కసారిగా ఆగినట్టే అవుతుంది, విత్‌డ్రాయల్ వస్తే ఎందుకొచ్చిందో ఆవిడకు తెలియదు, తెలిశాక ఇక మీరిచ్చే ఏ మందూ నమ్మరు. నేరుగా చెప్పడం పని చేస్తుందనడానికి ఆధారం ఉంది. కెనడాలోని క్యుబెక్‌లో 65 దాటి, ఏళ్ళ తరబడి ఈ మందులు వాడుతున్న 303 మందిలో కొందరికి, మందు చేసే హాని, తగ్గించే మెట్లు బొమ్మలతో వివరించిన చిన్న పుస్తకం నేరుగా చేతికిచ్చారు. ఆరు నెలల్లో పుస్తకం అందుకున్నవాళ్ళలో 27 శాతం మంది పూర్తిగా మానారు, అందనివాళ్ళలో 5 శాతం. 2014లో అచ్చయిన పరిశోధన ఇది. మీ అత్తయ్యగారితో "మీ నిద్ర తీసెయ్యడం లేదు అత్తయ్యా, మీరు పడిపోకుండా చూసుకుంటున్నాం, పావు ముక్క తగ్గిద్దాం, కష్టమైతే అక్కడే ఆగుదాం" అని చెప్పండి. ఆగే హక్కు ఆవిడదే కావాలి, మాట కూడా నిలబెట్టుకోవాలి. మెట్ల పట్టిక పెద్ద అక్షరాల్లో తెలుగులో రాసి బీరువా తలుపుకు అంటించండి, ఏ రోజుకు ఆ రోజు ఆవిడే టిక్కు పెట్టుకుంటారు.

మెలటోనిన్ వేరే దారిలో పనిచేస్తుంది, ఆల్ప్రాజోలాం వదిలిన ఖాళీని పూడ్చదు. విత్‌డ్రాయల్‌ను ఆపలేదు. నెమ్మదిగా విడుదలయ్యే 2 ఎంజీ రకానికి యూరప్‌లో 55 దాటినవాళ్ళకు గరిష్ఠంగా 13 వారాల వరకు అనుమతి ఉంది, పడుకునే ముందు ఒకటి రెండు గంటలకు వేసుకోవాలి. ఫలితం కొద్దిగానే ఉంటుంది. డాక్టరు ఇస్తానంటే అభ్యంతరం లేదు, దాన్ని నమ్ముకుని ఆల్ప్రాజోలాం కోతను తొందరపెట్టడం మాత్రం వద్దు. జలుబు సిరప్‌లోని డైఫెన్‌హైడ్రమిన్, క్లోర్‌ఫెనిరమిన్ నిద్ర పట్టిస్తాయని ఎవరైనా చెబితే వినకండి, క్లిడీనియంతో వచ్చే తిప్పలే అవీ తెస్తాయి.

పండక్కి వారం ముందు నుంచి తిరిగొచ్చిన వారం దాకా ఏ మెట్టు మీద ఉంటే అక్కడే ఉంచండి. చుట్టాలు, కొత్త మంచం, రాత్రి ప్రయాణం, వీటి మధ్య కోత పెడితే నిద్ర చెడింది దేనివల్లో తెలియదు.

మందులషాపు మాట జవాబు:

ఊరికి వెళ్ళేటప్పుడు చీటీ అసలు కాపీ, స్ట్రిప్పు రెండూ హ్యాండ్‌బ్యాగులో పెట్టుకోండి, లగేజీలో వద్దు. పది రోజులకు సరిపడా కన్నా ఐదు రోజులు ఎక్కువ ఉంచుకోండి. అక్కడ ఎవరైనా పూర్తి 0.5 బిళ్ళ తెచ్చి ఇస్తే మీ నెల శ్రమ పోతుంది, ముందే ఇంట్లోవాళ్ళకు చెప్పి ఉంచండి.

ముక్కల సంగతి. ఒక వారానికి సరిపడా మాత్రమే కోసి, మూత గట్టిగా పట్టే చిన్న డబ్బాలో తడి తగలకుండా పెట్టండి. బాత్రూం అద్దం వెనక, వంటగది గట్టు మీద వద్దు. నాలుగు పావులూ సరిసమానంగా రావు, ఒకటి లావు ఒకటి సన్నం వస్తుంది. అందుకని ఒక బిళ్ళ నుంచి వచ్చిన నాలుగూ వరసగా వాడేసిన తర్వాతే ఇంకో బిళ్ళ కొయ్యండి, నాలుగు రోజుల సగటు సరిపోతుంది. ఎప్పుడూ సన్నవే ఏరి వేస్తే తెలియకుండానే ఎక్కువ తగ్గించినవాళ్ళవుతారు. పొడి అయిపోయిన ముక్కను అంచనాగా నోట్లో వెయ్యకుండా పారేసి, ఆ రోజుకు ఇంకోటి కొయ్యండి, అందుకే 119 లెక్కకు పైన ఓ పది బిళ్ళలు ఎక్కువ రాయించుకోమంటాను. పావు ముక్క గొంతులో అంటుకుంటుందని అత్తయ్యగారు అంటే, ముందు ఒక గుక్క నీళ్ళు మింగి, రెండో గుక్కతో ముక్క వేసుకోమనండి.